చార్లీ చాప్లిన్

బిగుతైన కోటు, వదులైన లాగు, పాదములకు మించిన బూట్లు, తలపై చిన్న టోపీ, చేతిలో సన్నని బెత్తము, ముక్కు క్రింద చిట్టి మీసము - ఈ వేషమును చూచి నవ్వని వారు అరుదు. ఆ వేషమును ధరించినవాడు చార్లీ చాప్లిన్. తెరపై ఒక్క మాటయైనను పలుకకయే అతడు పలుదేశముల ప్రజలను నవ్వించెను. కంట తడి పెట్టించెను. నటుడుగా అతనిని లోకమెల్ల నెరుగును. కాని తన చిత్రములకు కథ అల్లినవాడును, దర్శకత్వము వహించినవాడును, సంగీతము సమకూర్చినవాడును, తుదకు పెట్టుబడి పెట్టినవాడును అతడే యని ఎరిగినవారు కొందరే. పరుల దయాధర్మములపై పెరిగిన బాలుడొకడు తన పనికి తానే యజమాని యగుట ఎట్లు జరిగెను? ఆ స్వాతంత్ర్యమును నిలుపుకొనుటకు అతడేమి కోల్పోయెను? ఈ రెండు ప్రశ్నలకును అతని జీవితమే సమాధానము.

చార్లెస్ స్పెన్సర్ చాప్లిన్ 1889వ సంవత్సరము ఏప్రిల్ 16వ తేదీన జన్మించెను. దక్షిణ లండనులోని పేదల వాడలలో పెరిగెను. తండ్రి పేరు కూడ చార్లెస్. తల్లి పేరు హన్నా. ఇరువురును మ్యూజిక్ హాళ్లలో పాటలు పాడి జీవించువారు. ఆ కాలమున ఇంగ్లండులో సామాన్యజనులు సాయంకాలమున చేరి పాటలు, హాస్యములు, గారడీలు చూచి ఆనందించు వినోదశాలలకు మ్యూజిక్ హాళ్లని పేరు. తండ్రి మంచి గాయకుడని పేరొందినను, త్రాగుడు అతని సంపాదనను మ్రింగివేసెను. చార్లీ పసివాడై యుండగనే తలిదండ్రులు విడిపోయిరి. చార్లీయు, అతనికంటె నాలుగేండ్లు పెద్దవాడగు సిడ్నీయు తల్లి పోషణలో మిగిలిరి. సిడ్నీ ఆమెకు అంతకు ముందే కలిగిన కుమారుడు. అన్నదమ్ములకు ఒకరిపై నొకరికి గల ప్రేమ కడవరకు చెక్కుచెదరలేదు.

హన్నాకు తన కంఠమే జీవనాధారము. ఆ కంఠమే క్రమముగా చెడసాగెను. ఒకనాడు ఆల్డర్‌షాట్ అను ఊర సైనికులు నిండిన శాలలో ఆమె పాడుచుండగా గొంతు పెగలలేదు. జనులు అల్లరి చేసిరి. ఏమి చేయుటకును తోచక నిర్వాహకుడు ఐదేండ్ల చార్లీని చేయి పట్టి రంగస్థలము మీదికి తెచ్చి విడిచెను. బాలుడు జంకులేక పాట నందుకొనెను. ప్రేక్షకులు మెచ్చి నాణెములు విసరిరి. అతడు వెంటనే పాట నాపి, ముందు డబ్బులు ఏరుకొని పిమ్మట పాడెదనని చెప్పగా సభయంతయు ఘొల్లున నవ్వెను. ఈ ముచ్చటను అతడు ముదిమియందు తన ఆత్మకథలో వ్రాసికొనెను.

ఆ తరువాత హన్నా కుట్టుపని చేసి బిడ్డలను పోషింప యత్నించెను. కాని అద్దె చెల్లింపలేక గది వెంబడి గది మారవలసివచ్చెను. 1896లో ఏ ఆధారమును మిగులకపోగా తల్లియు బిడ్డలును లాంబెత్ వర్క్‌హౌసులో చేరిరి. వర్క్‌హౌసనగా దిక్కులేని పేదలకు తిండియు నీడయు నిచ్చి, బదులుగా పని చేయించుకొను శాల. అందు అన్నము దొరకును గాని గౌరవము దొరకదు. తల్లి నొక విభాగమునకును, బిడ్డలను వేరొక విభాగమునకును పంపిరి. కొలది దినములకే బాలురను హాన్వెల్ అను చోట గల పేదపిల్లల పాఠశాలకు తరలించిరి. ఏడేండ్ల ప్రాయమున తల్లికి దూరమై, పరాయివారి నడుమ, కట్టుబాట్లలో పెరిగిన ఆ దినములను చాప్లిన్ ఎన్నటికిని మరువలేదు. 1898లో తల్లికి మతి చలించి ఆసుపత్రిలో చేర్పవలసివచ్చెను. ఆమె కొంత కోలుకొని తిరిగివచ్చినను ఆ వ్యాధి పలుమారులు తిరుగబెట్టుచునే యుండెను.

ఇంతటి లేమిలోను ఆ తల్లి బిడ్డలకొక సంపద నిచ్చెను. ఆరోగ్యముగా నున్నపుడు ఆమె కిటికీ దగ్గర కూర్చుండి, వీథిని పోవువారి నడకను, ముఖభంగిమలను అనుకరించి చూపెడిది. వారి మనస్సులలో ఏమి మెదలుచున్నదో ఊహించి చెప్పెడిది. మనుష్యులను శ్రద్ధగా చూచుట, చూచినదానిని దేహముతో పలికించుట చార్లీ ఆమె వద్దనే నేర్చెను. ముందు ముందు అతనికి అన్నము పెట్టిన విద్య అదియే.

తొమ్మిదేండ్లు నిండిన పిమ్మట చార్లీ ఒక బాలుర నృత్యబృందములో చేరి, చెక్క అడుగులు గల జోళ్లతో తాళమునకు సరిగా నాట్యము చేయుచు ఊరూరు తిరిగెను. 1901లో తండ్రి మరణించెను. అప్పటికి ఆయన వయస్సు నలుబదియైనను దాటలేదు. చార్లీ వార్తాపత్రికలు అమ్మెను, అచ్చుకూటమున పనిచేసెను, బొమ్మలు చేసి విక్రయించెను. ఏ పని చేయుచున్నను నటుడు కావలెనను కోరిక మాత్రము విడువలేదు. 1903లో, పదునాలుగేండ్ల వయస్సున, అతనికి నాటకములలో చిన్న వేషములు లభించెను. చదువు సరిగా సాగలేదు గనుక పాఠమును తానై చదువుకొనుట కష్టమయ్యెను. అన్న సిడ్నీ ప్రక్కన కూర్చుండి చదివి వినిపింపగా అతడు మూడు దినములలో కంఠస్థము చేసెను. షెర్లాక్ హోమ్స్ నాటకములో బిల్లీ యను పనికుర్రవాని వేషము అతనికి పేరు తెచ్చెను.

1908లో అతడు ఫ్రెడ్ కార్నో యొక్క హాస్యనాటక సమాజమున చేరెను. ఆ సమాజమువారి ప్రదర్శనలలో మాటకంటె చేష్టకు ప్రాధాన్యము మెండు. ఏ క్షణమున పడవలెను, ఏ క్షణమున లేవవలెను, ఏ చూపుతో నవ్వు పుట్టును అను సూక్ష్మములన్నియు అచట సాధనచే అలవడెను. ఆ సమాజముతో కూడి అతడు 1910లోను, 1912లోను అమెరికాకు పోయెను. రెండవ పర్యటనలో అతని నటన చూచిన కీస్టోన్ అను చలనచిత్ర సంస్థవారు 1913లో వారమునకు 150 డాలర్ల జీతముపై అతనిని కుదుర్చుకొనిరి.

చలనచిత్రమునకు అది బాల్యదశ. చిత్రములు మాటలు లేని మూకీలు. నిడివి పది ఇరువది నిమిషములు. కీస్టోన్ సంస్థలో హాస్యమనగా పరుగులు, తోపులాటలు, పడుటలు. ఒకనాడు హాస్యవేషము వేసికొని రమ్మనగా చాప్లిన్ ఒకదానితో నొకటి పొసగని దుస్తులను ఏరుకొనెను. తన వయస్సు పెద్దదిగా కనబడుటకు మీసము నంటించుకొనెను. 1914 ఫిబ్రవరిలో ఆ దేశదిమ్మరి రూపము మొదటిసారి తెరకెక్కెను. అతడు పేదవాడు, కాని పెద్దమనిషి మర్యాదలను విడువనివాడు; ఎన్నిసార్లు పడినను లేచి, బట్టలు దులుపుకొని, బెత్తము త్రిప్పుకొనుచు సాగిపోవువాడు. ఇట్టివానిలో ప్రతిదేశపు పేదవాడును తన్ను తాను చూచుకొనెను.

చాప్లిన్‌కు దర్శకుల తొందరపాటు నచ్చలేదు. నవ్వు పుట్టుటకు ముందు ప్రేక్షకునకు ఆ మనిషి మనస్సు తెలియవలెనని అతని నమ్మకము. తన చిత్రములకు తానే దర్శకత్వము వహించెదనని పట్టుబట్టెను. యజమాని సంశయింపగా, చిత్రము పనికిరానిచో నష్టమునకు హామీగా తాను కూడబెట్టిన 1,500 డాలర్లను ఇచ్చెదననెను. ఆ సొమ్మే అప్పటికి అతని యావదాస్తి. చిత్రము పనికివచ్చెను, డబ్బు దక్కెను. ఆ ఒక్క సంవత్సరముననే 30కి పైగా చిత్రములలో నటించెను. వానిలో పెక్కింటికి తానే దర్శకుడయ్యెను.

అటుపిమ్మట అతని ఎదుగుదల అద్భుతము. 1915లో ఎస్సనే సంస్థ వారమునకు 1,250 డాలర్లిచ్చెను. 1916లో మ్యూచువల్ సంస్థ ఏడాదికి 6,70,000 డాలర్లకు ఒడంబడిక చేసికొనెను. అప్పటికతనికి ఇరువది ఏడేండ్లు నిండలేదు. 1917లో ఫస్ట్ నేషనల్ సంస్థ 8 చిత్రములకు పది లక్షల డాలర్లు ఇచ్చుటకు అంగీకరించెను. అయినను అతడు కోరినది కేవలము ధనము కాదు. ఒక్కొక్క ఒడంబడికతో పనికి మరికొంత వ్యవధిని, మరికొంత అధికారమును సంపాదించుకొనెను. వచ్చిన సొమ్ముతో హాలీవుడ్‌లో స్వంత స్టూడియో కట్టించి 1918లో పని ప్రారంభించెను. 1919లో మేరీ పిక్‌ఫర్డ్, డగ్లస్ ఫెయిర్‌బాంక్స్, డి. డబ్ల్యు. గ్రిఫిత్ అనువారితో కలసి యునైటెడ్ ఆర్టిస్ట్స్ అను సంస్థను నెలకొల్పెను. కళాకారులే తమ చిత్రములకు యజమానులై స్వయముగా పంపిణీ చేసికొనుట ఆ సంస్థ ఉద్దేశము. ఇక నతనిని శాసింపగల యజమాని లేడు.

1921లో వెలువడిన ‘ది కిడ్’ అతని బాల్యమునకు ప్రతిబింబము. దిక్కులేని శిశువును దేశదిమ్మరి యొకడు పెంచును. అధికారులు వచ్చి ఆ బిడ్డను అనాథశాలకు లాగికొనిపోవుదురు. పెంచిన తండ్రి ఇండ్ల కప్పులపై పరుగెత్తి బిడ్డను విడిపించుకొనును. హాన్వెల్ పాఠశాలకు తరలింపబడిన బాలుడే ఈ కథ నల్లినాడని తలచునపుడు ఆ దృశ్యమందలి ఆవేదన మనకు బోధపడును. హాస్యచిత్రములు సాధారణముగా రెండు రీళ్లకు మించని ఆ కాలమున అతడు దీనిని ఆరు రీళ్లు తీసెను. నవ్వును, కన్నీరును ఒక్కచోట ఇముడునని నిరూపించెను. ఆ సంవత్సరముననే తల్లిని కాలిఫోర్నియాకు రప్పించి సకల సౌకర్యములు కల్పించెను. ఆమె 1928లో కన్నుమూసెను.

1925లో వచ్చిన ‘ది గోల్డ్ రష్’ మంచు సీమలో బంగారము వెదకబోయినవారి కథ. ఆకలికి తాళలేక కథానాయకుడు తన బూటునే ఉడికించి, విందు భోజనమువలె మర్యాదగా కోసి తినును. ఆ దృశ్యమునకు అతిమధురముతో బూటును చేయించిరి. కథ చూచినచో ఆకలి కథ. కాని ప్రేక్షకులు కడుపుబ్బ నవ్విరి. ఆకలి నెరిగినవాడు గనుకనే చాప్లిన్ దానిని ఎగతాళి చేయక, దాని ఎదుట మనిషి నిలుపుకొను మర్యాదను చూపగలిగెను.

1927లో అమెరికాలో మాటలాడు చిత్రము వచ్చెను. రెండు మూడేండ్లలో మూకీలు మూలబడెను. చాప్లిన్ చిక్కున పడెను. అతని దేశదిమ్మరి ఇంగ్లీషులో మాటలాడినచో ఆ భాష నెరుగని కోట్ల ప్రజలకు పరాయివాడై పోవును. మిత్రులు వారించినను అతడు తన స్వంత ధనముతో ‘సిటీ లైట్స్’ అను చిత్రమును మాటలు లేకయే తీయ పూనుకొనెను. అంధురాలగు పూలమ్మి ఒక పేదవానిని ధనికుడని పొరబడుట ఆ కథకు మూలము. చూపులేని ఆమె అట్లు పొరబడుటకు కారణమేమి? దీనికి తగిన ఉపాయము తోచక అతడు నెలల తరబడి వేదన పడెను. ఒకే దృశ్యమును వందలకొలది పర్యాయములు తీసెను. విసిగి నాయికను తొలగించి, మరల పిలిపించెను. తుదకు సమాధానము దొరకెను. వీథిలో నిలిచిన కారు ఒక తలుపున ఎక్కి వేరొక తలుపున దిగిన దేశదిమ్మరి దానిని మూయును. ఆ తలుపు చప్పుడు విని ఆమె కారుగల ధనికుడే దిగెనని తలచును. శబ్దము లేని చిత్రములో ప్రేక్షకునకు శబ్దము స్ఫురించునట్లు చేయుట అతని ప్రతిభ. ఈ చిత్రమునకు సంగీతమును కూడ తానే కల్పించెను. స్వరలిపి వ్రాయుట అతనికి రాదు. తాను పాడి వినిపింపగా ఇతరులు వ్రాసికొనెడివారు. 1931 జనవరిలో చిత్రము విడుదలై ఘనవిజయము పొందెను.

ఆ సంవత్సరమే అతడు జన్మభూమిని దర్శింప లండనుకు పోయెను. రౌండ్ టేబుల్ సమావేశమునకై గాంధీ మహాత్ముడును అప్పు డచటనే యుండిరి. గాంధీజీ చలనచిత్రములు చూచువారు కారు గనుక చాప్లిన్ పేరు వారికి పరిచితము కాదు. అతడు పేదలలో పుట్టి పేదల కథలను చూపువాడని తెలిసిన పిదప కలిసికొనుటకు అంగీకరించిరి. సెప్టెంబరు 22వ తేదీన కానింగ్ టౌన్ అను పేదవాడలో, భారతీయుడగు డాక్టర్ కటియాల్ గారి ఇంట ఇరువురును కలిసికొనిరి. యంత్రములను ఏల వ్యతిరేకింతురని చాప్లిన్ అడిగెను. యంత్రముల మూలమున భారతదేశము ఇంగ్లండుపై ఆధారపడవలసి వచ్చినదనియు, తన నూలు తాను వడకుకొనుట స్వాతంత్ర్యమునకు మార్గమనియు గాంధీజీ వివరించిరి. పిమ్మట చాప్లిన్ అచటి ప్రార్థనకు కూడ నిలిచెను.

1936లో అతడు ‘మోడర్న్ టైమ్స్’ చిత్రమును తెచ్చెను. కర్మాగారమున దినమంతయు మరలు బిగించి బిగించి మతి చలించిన కార్మికుని కథ యిది. పని ఆగకుండ కార్మికుని నోటికి అన్నము నందించు యంత్రమొకటి ఇందు కలదు. అది చెడి అతని ముఖమును కొట్టును. ప్రేక్షకులు నవ్విరి, కాని యంత్రము మనిషికొరకా, మనిషి యంత్రముకొరకా అను ప్రశ్న వారి మనస్సులలో మిగిలెను. దేశదిమ్మరి కంఠము ఇందు మొదటిసారి వినబడెను. అయినను అతడు పాడినది ఏ భాషకును చెందని అర్థములేని పాట!

ఆ దినములలో జర్మనీ దేశమును హిట్లర్ పాలించుచుండెను. అతడు చాప్లిన్‌కంటె నాలుగు దినములు మాత్రమే చిన్నవాడు; ఇరువురి మీసములు నొక్కతీరువి. యూదులను హింసించుచు ప్రపంచమును భయపెట్టుచున్న ఆ నియంతను నవ్వులపాలు చేయవలెనని చాప్లిన్ సంకల్పించెను. ప్రదర్శనకు ఆటంకములు కలుగునని, పెట్టిన ధనము మునుగునని పలువురు హెచ్చరించిరి. ధనము తనదే గనుక అతనిని ఆపగలవారు లేకపోయిరి. 1939 సెప్టెంబరులో యుద్ధము ఆరంభమైన కొలది దినములకే చిత్రీకరణము మొదలయ్యెను. ‘ది గ్రేట్ డిక్టేటర్’ 1940 అక్టోబరులో వెలువడెను. అందు చాప్లిన్ నియంతగాను, అతనిని పోలిన యూదు మంగలిగాను రెండు వేషములు ధరించెను. అంత్యమున మంగలి నియంత స్థానమున నిలిచి, ద్వేషమును విడిచి మానవత్వముతో జీవింపుడని సుదీర్ఘముగా ప్రసంగించును. ఇన్నేండ్లు మూగగా నున్న కళాకారుడు నోరు విప్పి పలికిన దిది. యూదుల నిర్బంధశిబిరములలో జరిగిన ఘోరములు పూర్తిగా తెలిసియుండినచో ఆ విషయమును హాస్యముగా తీసియుండననియు అతడు పిదప ఒప్పుకొనెను.

యుద్ధకాలమున అతడు రష్యాకు సహాయము చేయవలెనని సభలలో ప్రసంగించెను. యుద్ధానంతరము అమెరికాలో గాలి మారెను. రష్యాను మెచ్చినవారెల్లరు అనుమానమునకు పాత్రులైరి. చాప్లిన్ కమ్యూనిస్టు అని కొందరు నిందించిరి. నలుబది సంవత్సరములు అచట నివసించియు అతడు అమెరికా పౌరసత్వమును స్వీకరింపకుండుట మరియొక నేరముగా కనబడెను. అతని గృహజీవితమును కూడ పత్రికలు వీథికెక్కించెను. మూడు వివాహములు విఫలమగుట చేత నిందలకు అవకాశము లేకపోలేదు. 1943లో, నాటకకర్త యూజీన్ ఓనీల్ కుమార్తె ఊనాను వివాహమాడిన తరువాతనే అతనికి శాంతి లభించెను.

1952లో అతడు ‘లైమ్‌లైట్’ చిత్రమును ముగించెను. తన తలిదండ్రులు పాడిన ఆ లండను మ్యూజిక్ హాళ్లలో వెలుగు తగ్గిన వృద్ధహాస్యగాని కథ యది. దాని ప్రదర్శనకై సెప్టెంబరులో భార్యాబిడ్డలతో లండనుకు ఓడలో బయలుదేరెను. ఓడ నడిసముద్రమున నుండగా అతనికి తిరిగి ప్రవేశించుటకిచ్చిన అనుమతిని అమెరికా ప్రభుత్వము రద్దుచేసినదను వార్త వచ్చెను. విచారణకు నిలిచినగాని రానీయమనిరి. స్టూడియో, ఇల్లు, ధనము - సమస్తమును ఆవలి యొడ్డున నిలిచిపోయెను. ఊనా ఒంటరిగా తిరిగిపోయి సొమ్మును చక్కబెట్టుకొని వచ్చెను. క్షమాపణ చెప్పుకొని తిరిగి వెళ్లుటకు చాప్లిన్ మనసొప్పలేదు. 1953లో అతడు తన అనుమతిపత్రమును తానే వాపసుచేసి, స్విట్జర్లాండులో వెవే పట్టణము దగ్గర స్థిరపడెను. ముచ్చటపడి కట్టించుకొన్న స్టూడియోను అమ్మివేసెను.

అచటనుండియే అతడు మరి రెండు చిత్రములు తీసెను. 1964లో ఆత్మకథను ప్రకటించెను. కాలము కోపతాపములను చల్లార్చెను. 1972లో అమెరికా చలనచిత్ర అకాడమీ గౌరవ పురస్కారమిచ్చుటకై అతనిని ఆహ్వానించెను. ఇరువదియేండ్ల పిమ్మట, ఎనుబది రెండేండ్ల వయస్సున, అతడు ఆ వేదికపై నిలిచెను. సభయంతయు లేచి నిలువబడి నిమిషముల తరబడి కరతాళధ్వనులు చేసెను. కోట్ల మందిని నవ్వించిన ఆ వృద్ధుని కన్నులు చెమ్మగిల్లెను. మరుసటి యేడు ‘లైమ్‌లైట్’ సంగీతమునకు ఆస్కార్ లభించెను. 1975లో ఎలిజబెత్ రాణి అతనికి సర్ బిరుదమిచ్చి గౌరవించెను. వర్క్‌హౌసు బాలుడు సర్ చార్లెస్ చాప్లిన్ అయ్యెను. 1977 డిసెంబరు 25న, క్రిస్మస్ నాడు, తన యింటనే అతడు శాశ్వతనిద్ర చెందెను.

చాప్లిన్ సంపాదించిన ధనము అపారము. అట్లు సంపాదించినవారు ఇంకను పలువురుందురు. ఆ ధనముతో అతడు కొన్న వస్తువేదియో గ్రహింపదగినది. ఒక దృశ్యము తృప్తినిచ్చువరకు వేచియుండు వ్యవధిని, నచ్చనిదానిని కాదను అధికారమును, బలవంతుని ఎదుట నిజము చెప్పు ధైర్యమును అతడు తన సొమ్ముతో కొనుక్కొనెను. అందులకు బదులుగా నలుబది యేండ్ల నివాసమును వదలుకొనవలసి వచ్చినను వెనుదీయలేదు. అతని దేశదిమ్మరికి ఇల్లు లేదు, ధనము లేదు. కాని ఎవరి యెదుటను తల వంచడు. పడినను లేచి, బట్టలు దులుపుకొని, తన త్రోవను తాను పోవును. ఆ వేషమును ధరించినవాని బ్రతుకును అట్టిదే.